జమైకా యువగాయని కాఫీ - గాన ప్రస్థానం, ప్రయోజన దృష్టి

గత విద్యాసంవత్సరంలో ఒకనాడు బి.ఏ. రెండవ సంవత్సరపు తరగతిలో మేము కావ్యప్రయోజనాలను గురించి బోధిస్తున్నాము. కీర్తి, ధనము, లోకవ్యవహార జ్ఞానము, అమంగళ నివారణ, తత్‌క్షణమే కలిగే పరమానందము, ప్రియురాలి పలుకువలె మృదువుగా సాగే ఉపదేశము - ఈ ఆరును కావ్యానికి ప్రయోజనాలని మమ్మటుడు కావ్యప్రకాశంలో నిర్దేశించినాడు. ప్రతి సంవత్సరం చెప్పే పాఠమే ఇది. విద్యార్థులు తలలు వంచి వ్రాసుకొని, పరీక్షలో మరల వ్రాసి, ఆ పిమ్మట మరచిపోయే పాఠం కూడా. ఆనాడు మాత్రం చివరి బల్లపై కూర్చునే ఒక విద్యార్థి లేచి, "సార్, ఇవి కావ్యాలకేనా, పాటలకు కూడా వర్తిస్తాయా?" అని అడిగినాడు. వర్తిస్తాయని చెప్పినాము. "మనకు భాష తెలియని పాటలకైనా?" అని మరల అడిగినాడు. ఏ పాట సంగతి నాయనా అంటే, లండనులో చదువుకుంటున్న తన పెదనాన్న కుమారుడు పంపిన జమైకా దేశపు పాటలని బదులు చెప్పినాడు.

ఈ విద్యార్థి గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. అతడు మా కళాశాలకు ఇష్టపడి వచ్చినవాడు కాడు. తాను కోరిన చదువుకు రెండు చోట్ల ప్రయత్నించి, రెండు చోట్లా సీటు దొరకక, ఒక సంవత్సరం ఇంటిపట్టున కూర్చుని, ఆ తరువాత వచ్చి చేరినాడు. తరగతిలో నోరు విప్పి ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అందువలన అతని ప్రశ్నను తేలికగా తోసివేయ మనసొప్పలేదు. ఆ సాయంత్రమే మేము ఆ పాటలు విన్నాము; కొన్ని నెలలపాటు ఆ గాయనిని గురించి, ఆమె వెనుకనున్న సంగీత సంప్రదాయాన్ని గురించి చదివినాము. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇచ్చుకుంటున్న సమాధానం.

ఆ గాయని అసలు పేరు మికేలా సింప్సన్. లోకానికి తెలిసిన పేరు కాఫీ. 2000 సంవత్సరం ఫిబ్రవరి 16వ తేదీన జమైకా ద్వీపంలోని స్పానిష్ టౌన్ అనే పట్టణంలో జన్మించింది. ఉన్నత పాఠశాలలో చదివే రోజులలో ఒక ఎండరోజున తోటి పిల్లలందరు చల్లని పానీయాలు త్రాగుతుండగా ఈమె వేడి కాఫీ త్రాగుతూ కనబడినదట. నాటినుండి ఆ పేరు స్థిరపడిపోయినది. మండువేసవిలో ఇరానీ చాయ్ త్రాగే మన ప్రాంతంలో ఇటువంటి పేర్లు పెట్టవలసివస్తే ఊరిలో సగం మందికి ఒకే పేరు వచ్చును.

జమైకా చాల చిన్నదేశం. విస్తీర్ణం 10,991 చదరపు కిలోమీటర్లు, అనగా మన పూర్వపు ఉమ్మడి రాష్ట్రంలో ఒక మోస్తరు జిల్లా అంత. జనాభా సుమారు 28 లక్షలు. 1655లో ఆంగ్లేయులు స్పెయిన్ వారినుండి ఈ దీవిని వశపరచుకొని, ఆఫ్రికానుండి బంధించి తెచ్చిన నల్లజాతి ప్రజల చేత చెరకు తోటలలో బానిసచాకిరి చేయించినారు. 1834లో బానిసత్వ రద్దు చట్టం అమలులోనికి వచ్చినను, శిక్షణ అనే పేరుతో మరి నాలుగేండ్లు నిర్బంధ చాకిరి సాగినది. 1838లో గాని పూర్తి విముక్తి కలుగలేదు. దేశానికి స్వాతంత్ర్యం లభించినది 1962 ఆగస్టు 6న. కాఫీ పుట్టిన స్పానిష్ టౌన్ 1872 వరకు ఆ దీవికి రాజధాని. రాజధాని కింగ్‌స్టన్‌కు తరలిపోయిన తరువాత ఆ పట్టణానికి పాత భవనాలు మిగిలినవి. ఇటీవలి దశాబ్దాలలో తుపాకి ముఠాల తగాదాలు దానికి చెడ్డపేరు తెచ్చినవి.

ఆ పట్టణమున్న సెయింట్ కేథరిన్ ప్రాంతానికి మన దేశంతో ఒక సంబంధం కలదు. బానిసల విముక్తి తరువాత చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, ఆంగ్ల ప్రభుత్వం భారతదేశం నుండి ఒప్పంద కూలీలను తరలించినది. బ్లండెల్ అనే ఓడ 1845 మే నెలలో మొదటి జట్టును దింపిన రేవు ఓల్డ్ హార్బర్ బే; అది ఈ సెయింట్ కేథరిన్‌లోనిదే. 1917 వరకు సాగిన ఈ తరలింపులో సుమారు 36,000 మంది ఆ దీవికి చేరినారు. వారిలో అత్యధికులు కలకత్తా రేవులో ఓడ ఎక్కిన ఉత్తరాది జిల్లాల వారు. వారు తమతో తెచ్చుకొన్న పండుగలలో మొహర్రం ఒకటి. వెదురుతో, రంగుకాగితాలతో తాజియాలు కట్టి, డోళ్ళు వాయిస్తూ ఊరేగించే ఆ ఆచారాన్ని అక్కడి జనులు 'హుస్సే' అని పిలుచుకున్నారు. హిందువులు, ముస్లిములు, నల్లజాతివారు కూడ కలిసి పాల్గొనేవారు. మన తెలంగాణ పల్లెలలోని పీర్లపండుగ ఎరిగిన వారికి ఇందులో వింత కనబడదు. రెగే సంగీతం ఈ డోళ్ళనుండి పుట్టినదని మేము చెప్పడం లేదు; దాని మూలం ఆఫ్రికాదే. కాని ఆ గడ్డ మనకు పూర్తిగా పరాయిది కాదని మాత్రం విద్యార్థులు గ్రహింతురుగాక.

ఇక రెగే అంటే ఏమిటో క్లుప్తంగా చెప్పవలెను. 1950ల నాటి కింగ్‌స్టన్ నగరంలో వాద్యబృందాలను పిలిపించుకొనే స్తోమత లేని పేదల వాడలకు 'సౌండ్ సిస్టమ్' అనే సంచార సంగీత యంత్రాలు వచ్చినవి. నిలువెత్తు స్పీకర్ పెట్టెలను లారీపై తెచ్చి, వీధి మొగలో దించి, రికార్డులు వేసేవారు. కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్ అనువారు ఈ వ్యాపారంలో పోటీపడి, తరువాత స్వయంగా రికార్డులు తయారుచేయించసాగినారు. అట్లు పుట్టిన 'స్కా' అనే చురుకైన బాణీ, 1966 ప్రాంతంలో నెమ్మదించి 'రాక్‌స్టెడీ' అయినది. 1968 నాటికి మరికొంత మార్పు చెంది 'రెగే' అయినది. ఆ పేరును పాటలోనికి ఎక్కించి ప్రచారం చేసినది టూట్స్ అండ్ ది మేటల్స్ అనే బృందం.

దీని లయలో ఒక విశేషం కలదు. నాలుగు మాత్రల ఆవర్తంలో సాధారణంగా పాశ్చాత్య గీతాలు మొదటి మాత్రపై బలంగా అడుగువేస్తాయి. రెగేలోని ప్రధానమైన వాయింపు పద్ధతిలో ఆ మొదటి చోటు ఖాళీ. పెద్ద డోలు దెబ్బ మూడవ మాత్రపై పడుతుంది. గిటారు తాళం వేసే చేయి క్రిందికి దిగినప్పుడు మ్రోగదు. పైకి లేచినప్పుడు మ్రోగుతుంది. వినేవాడు మొదట తడబడతాడు, పిదప ఆ ఖాళీలోనే ఊగడం నేర్చుకుంటాడు. మేము కూడ రెండు మూడు రోజులు తడబడినాము.

మరొక విశేషం 'రిడిమ్'. ఒకే వాద్యపు బాణీని తయారుచేసి విడుదల చేస్తే, పదిమంది గాయకులు దానిపై తమ తమ పాటలు కట్టి పాడుతారు. బాణీ అందరిది, మాట ఎవరిది వారిది. ఇది దొంగతనమనో, బద్ధకమనో బయటివారు పొరపడవచ్చును. మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఈ పద్ధతిని వివరించనక్కరలేదు: తరహీ ముషాయరాలో ఒక మిస్రాను ముందుగా ప్రకటించి, అదే ఛందస్సులో, అదే ప్రాసలో కవులందరు గజళ్ళు చెప్పి రావడం వారు ఎరుగుదురు. తెలుగు విద్యార్థులు సమస్యాపూరణాన్ని తలచుకొనవచ్చును. మన జానపదులు ఒకే 'వరుస'లో నూరు పాటలు కట్టుకోవడం కూడ ఇట్టిదే. అందరికి సమానమైన నేలపై ఎవరి నాగలి ఎంత లోతుకు పోవునో తెలిసేది అప్పుడే. కాఫీ తొలినాటి పాటలలో ఒకటి కూడ ఇట్టి ఒక రిడిమ్‌పై పాడినదే.

ఆ పాట దగ్గరకు వచ్చుటకు ముందు ఆమె బాల్యం. తల్లి పెంపకంలో, చర్చి బృందగానంలో ఆమె గొంతు తయారైనది. పండ్రెండవ యేట స్నేహితురాలి వద్ద గిటారు ఎరువు తెచ్చుకొని, గురువు లేకుండా తానే నేర్చుకొన్నది. కింగ్‌స్టన్‌లో పేరున్న ఆర్డెన్ ఉన్నత పాఠశాలలో చదివినది. 2016లో అక్కడి ప్రతిభా పోటీలో గెలిచినది. ప్రోటోజే, క్రానిక్స్ మొదలైన ముందు తరపు గాయకుల రచనలు ఆమెకు దారి చూపినవి. 1980ల చివరినుండి జమైకా వీధులలో యంత్రధ్వనులు హెచ్చి, పాటలో తుపాకి, విలాసం ప్రధానమైన కాలంలో, 2010 తరువాత ఈ యువకులు సజీవ వాద్యాలతో, ఆలోచన గల మాటలతో పాత రెగేను పునరుద్ధరించ పూనుకొన్నవారు. ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది: క్రానిక్స్ కూడ స్పానిష్ టౌన్ బిడ్డయే.

ఆర్డెన్‌లో చదువు ముగిసిన పిదప ఆమెకు దెబ్బ తగిలినది. ఆ దేశంలో ఆంగ్లేయ పద్ధతి ప్రకారం అయిదవ ఫారం తరువాత 'సిక్స్‌త్ ఫారం' అనే రెండేండ్ల చదువు ఉంటుంది. మన ఇంటర్మీడియేట్ వంటిదనుకొనవచ్చు. విశ్వవిద్యాలయానికి అదే మెట్టు. ఆ చదువుకు ఆమె దరఖాస్తు పెట్టుకున్నది, సీటు రాలేదు. తోటివారందరు యూనిఫారాలు కుట్టించుకుంటుండగా ఆమె ఇంటివద్ద మిగిలిపోయినది.

2017లో వచ్చిన 'బర్నింగ్' అనే పాట ఆ రోజులలో వ్రాసినదే. పేరుకు తగినట్లు అది మంటను గురించిన పాట. అయితే లోకాన్ని తగులబెట్టే మంట కాదు, తనలో ఆరిపోబోతున్న నిప్పును తానే ఊదుకొని నిలుపుకొనే ప్రయత్నం. సీటు రాని సంగతి పాటలో ఫిర్యాదుగా లేదు. తనను కాదన్నవారిపై ఒక్క నింద లేదు. పదిహేడేండ్ల పిల్ల తనకు తాను ధైర్యం చెప్పుకొంటున్నది, అంతే. మమ్మటుని పట్టికలో ఈ ప్రయోజనానికి పేరు ఏమని మేము చాలసేపు ఆలోచించినాము. ఉపదేశమందామా, ఉపదేశించేది ఎవరికి? తనకే. అమంగళ నివారణ అనుటయే సముచితమని తోచినది. ఆ ప్రయోజనానికి ఉదాహరణగా మమ్మటుడు మయూర కవిని పేర్కొన్నాడు. సూర్యుని స్తుతించి ఆయన రోగవిముక్తుడైనాడని ప్రతీతి. విద్యార్థులకు ఆ కథ చెప్పినప్పుడల్లా వారు చిరునవ్వు నవ్వుతారు. ఇకమీదట మేము దానికి తోడుగా ఈ ఉదాహరణ కూడ చెప్పదలచినాము. నిరాశ కూడ రోగమే; దానికి పాట ఔషధమగుట మన కండ్ల ఎదుట జరిగినది.

ఆ సంవత్సరమే పరుగుపందెపు వీరుడు ఉసేన్ బోల్ట్‌ను శ్లాఘిస్తూ 'లెజెండ్' అనే పాటను ఒంటరిగా గిటారు మీటుతూ పాడి, ఆ దృశ్యాన్ని ఫోనులో చిత్రించి లోకానికి వదలినది. బోల్ట్ దానిని చూచి తన అభిమానులందరికి చూపినాడు. 2018 జనవరిలో 'రెబెల్ సెల్యూట్' అనే పెద్ద సంగీతోత్సవంలో కోకో టీ అనే వృద్ధగాయకుడు ఆమెను వేదికపైకి పిలిచి జనానికి పరిచయం చేసినాడు. కోకో టీ చేతిమీదుగా కాఫీ లోకానికి పరిచయమగుట చూచి నవ్వుకొనవచ్చును గాని, ఆ నవ్వు వెనుక ఒక సంప్రదాయ మర్యాద ఉన్నది. ఆ దీవిలో పెద్ద గాయకుడు తన పాటకు కేటాయించిన సమయంలో కొంత కోసి చిన్నవారికి ఇవ్వడం ఆనవాయితీ. ఆ పెద్దాయన 2025 మార్చిలో మరణించినాడు.

2018 చివరలో వచ్చిన 'టోస్ట్' ఆమె కీర్తిని సముద్రాలు దాటించినది. ఆ పాటకు వస్తువు కృతజ్ఞత. దేవుని దయకు, తల్లికి, తోటివారికి ధన్యవాదం. మేము దీనిని విని కొంత ఆశ్చర్యపడినాము. పేదవాడల సంగీతం అంటే ఆక్రోశమే ఉండవలెనని మనలో చాలమందికి ఒక అభిప్రాయం. పీడితుడు సంతోషిస్తే అతని పీడన అబద్ధమేమో అనే అనుమానం కూడ. ఉర్దూ మాట్లాడే మన ఇండ్లలో క్షేమమడిగితే షుక్ర్ అని బదులు చెప్పే ముసలమ్మలు ఎన్ని కష్టాలు పడినవారో మనకు తెలియదా! కష్టం లేక కాదు, కష్టం తనను పూర్తిగా మ్రింగలేదని చెప్పుటకే ఆ మాట. కాఫీ పాటలోని కృతజ్ఞత ఆ జాతికి చెందినది.

అట్లని ఆమె కండ్లు మూసుకొని పాడలేదు. 2018లో సెయింట్ కేథరిన్ ఉత్తర భాగంలో హత్యలు పెచ్చుపెరిగి ప్రభుత్వం అత్యవసర పరిస్థితిని ప్రకటించినది. సైనికులు వీధులలో తిరిగినారు. ఆ ఏటనే ఆమె 'రాగమఫిన్' అనే పాటలో యువకుల చేతిలోని తుపాకిని, వారిని పట్టించుకోని పాలకులను కలిపి ప్రశ్నించినది. రెండు వైపులా ప్రశ్నించుట సులభం కాదు. యువకులను మాత్రమే మందలిస్తే పాలకులు మెచ్చుకొంటారు. పాలకులను మాత్రమే తిడితే వీధి మెచ్చుకొంటుంది.

ఇది ఆమె కనిపెట్టిన మార్గం కాదు. 1964లో వెయిలర్స్ అనే కుర్రవాండ్ర బృందానికి తొలిసారి పేరుతెచ్చిన పాట, వీధి రౌడీ పిల్లలను శాంతింపుడని హెచ్చరించే పాట. ఆ కుర్రవాండ్రలో ఒకడు బాబ్ మార్లే. 1976 డిసెంబరులో, ఎన్నికల ఘర్షణల నడుమ, అతని ఇంటిలో అతనిపై కాల్పులు జరిగినవి. గాయంతోనే రెండు రోజుల తరువాత వేదికనెక్కి పాడినాడు. 1978 ఏప్రిల్ 22న జరిగిన శాంతి సభలో పరస్పరం శత్రువులైన ఇద్దరు నాయకులు, ప్రధాని మైఖేల్ మ్యాన్లీని, ప్రతిపక్షనేత ఎడ్వర్డ్ సీగాను వేదికపైకి పిలిచి వారి చేతులు కలిపినాడు. ఆ కలయిక వలన హత్యలు ఆగినవా? ఆగలేదు. 1980 ఎన్నికల సంవత్సరం ఆ దేశ చరిత్రలో మిక్కిలి రక్తసిక్తమైన వాటిలో ఒకటి. పాట వలన తుపాకి నేలకు వంగునని మేము విద్యార్థులకు చెప్పజాలము. మార్లే తరువాత నాలుగు దశాబ్దాలకు అదే మాటను మరల ఒక పద్దెనిమిదేండ్ల పిల్ల పాడవలసివచ్చినదనుటయే దానికి సాక్ష్యం. అయినను ఆమె పాడినది. ఫలితం తెలిసి కూడ పాడుటలో ఏదో ఉన్నది. దానికి మమ్మటుడు పేరు పెట్టలేదు.

ఇక్కడ భాషను గురించి కొంత ఆగి చెప్పవలెను, ఎందుకనగా మా విద్యార్థి ప్రశ్నలో 'భాష తెలియని పాట' అనే మాట ఉన్నది. కాఫీ పాడే భాష ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషు పదాలకు ఆఫ్రికా భాషల నుడికారం కలిసి పుట్టిన జమైకా పాట్వా. ఇంటిలో, బజారులో అందరు మాట్లాడేది అదే. కాని బడిలో, కచేరిలో, న్యాయస్థానంలో ఇంగ్లీషు. పాట్వా మాట్లాడిన పిల్లవానిని చెడిపోయిన ఇంగ్లీషు మాట్లాడుతున్నాడని మందలించుట ఆ దేశంలో తరతరాల ఆచారం. లూయీస్ బెన్నెట్ అనే కవయిత్రి 1940ల నుండి పట్టుదలతో పాట్వాలోనే కవితలు వ్రాసి, వేదికలపై చదివి, ఆ భాషకు గౌరవం సంపాదించినది. పిమ్మట రెగే ఆ భాషను లోకమంతట వినిపించినది.

మా తరగతిలో కూర్చున్న పిల్లలు ఇంటిలో దక్కనీ మాట్లాడుతారు. ఉర్దూ తరగతిలో లక్నో ఉచ్చారణ కొరకు, తెలుగు తరగతిలో గ్రంథపు తెలుగు కొరకు నాలుకను రెండుసార్లు సరిచేసుకొంటారు. వాడలో నేర్చిన తెలంగాణపు తెలుగు మాట నోటివెంట వస్తే సిగ్గుపడతారు. దిద్దవలసిన ఉపాధ్యాయులలో మేమూ ఒకరము. ఎన్నో ఉత్తర పత్రాలలో అట్టి మాటల క్రింద ఎర్రగీత గీసినాము. పరీక్షకు ఆ గీత తప్పదు. కాని ఒక పిల్ల తన ఇంటి మాటలోనే పాడి, లోకపు అత్యున్నత వేదికపై గుర్తింపు పొందినప్పుడు, ఆ ఎర్రగీతలు కొన్ని మాకు గుర్తుకు వచ్చినవని ఒప్పుకొనుటకు సంకోచింపము.

ఆ గుర్తింపు 2020 జనవరి 26న లభించినది. 2019 మార్చిలో వెలువడిన 'రాప్చర్' అనే సంపుటికి ఉత్తమ రెగే ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం వచ్చినది. అందులో ఉన్నవి అయిదే పాటలు. పోటీలో నిలిచిన తక్కిన వారెవరు? 1970లలోనే స్థాపితమైన థర్డ్ వరల్డ్, స్టీల్ పల్స్ అనే ఉద్దండ బృందాలు. డోలుకు, బేస్ గిటారుకు పర్యాయపదాలైన స్లై, రాబీ ద్వయం. మార్లే కుమారుడు జూలియన్. అప్పటికి కాఫీకి ఇరవై ఏండ్లు నిండుటకు ఇంకా మూడు వారాలున్నవి. ఆ పురస్కారం పొందినవారిలో ఆమెయే అతి పిన్నవయస్కురాలు. ఒంటరిగా దానిని గెలిచిన మొదటి స్త్రీ కూడ. ఈ విభాగంలో తొలి బహుమతి ఇచ్చినది 1985లో, బ్లాక్ ఉహురు బృందానికి. మార్లే అంతకు నాలుగేండ్ల ముందే, 1981 మే 11న, ముప్పదియారవ యేట కన్నుమూసినందున ఆయనకు ఆ పోటీలో నిలిచే భాగ్యమే కలుగలేదు.

ముప్పదియైదేండ్లలో ఒంటరి స్త్రీ ఒక్కతెకు కూడ రాకపోవుటకు స్త్రీలు పాడకపోవుట కారణం కాదు. మార్షా గ్రిఫిత్స్, జూడీ మోవట్, రీటా మార్లే ముగ్గురును మార్లే వెనుక నిలిచి వంతపాడిన వారిగానే చాలమందికి తెలుసు. నిజానికి ముగ్గురును స్వతంత్ర గాయనులు, గ్రిఫిత్స్ అయితే మార్లేతో చేరకముందే పేరుపడినది. సిస్టర్ నాన్సీ 1982లో పాడిన ఒక పాట నేటికీ లోకమంతట మ్రోగుతున్నది. కాని దాని రాబడి దశాబ్దాలపాటు ఆమె చేతికి అందలేదు, ఆమె విదేశంలో బ్యాంకు ఉద్యోగం చేసుకొని బ్రదికినది. మన విద్యార్థినులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనింపవలెను. కాఫీ నిలిచిన వేదిక క్రింద ఇంతమంది భుజాలు ఉన్నవి. ఆమె వేషంలో గాని, పాటలో గాని శరీర ప్రదర్శన లేదు. వదులు దుస్తులు, జడలు కట్టిన జుట్టు, పండ్లకు కట్టిన తీగ, అంతే. చూపునకు కాక చెవికి పనిపెట్టిన గాయని.

మా కమిటీ పెద్దలలో కొందరికి ఒక అభ్యంతరం తోచవచ్చును. గంజాయి పొగతో పేరుపడిన ఈ సంగీతాన్ని పిల్లలకు పరిచయం చేయవచ్చునా అని. న్యాయమైన ప్రశ్నయే. గంజా అనే మాట ఆ దీవికి వెళ్ళినది మన దేశపు కూలీల నోటనే అనేది అందరు అంగీకరించిన చరిత్ర. కావున ఆ నిందలో మనకూ కొంత వాటా కలదు. రాస్తాఫారీ మతస్థులు దానిని పూజాద్రవ్యంగా భావిస్తారు. ఆ విశ్వాసం వారిది, మాకు దానితో పనిలేదు, మా విద్యార్థులకు అసలే లేదు. అయితే ఖయ్యాం రుబాయీలను బోధించే ఉపాధ్యాయుడు మధుపాత్రను పంచిపెట్టడు. ఏది స్వీకరించవలెనో, ఏది వదలవలెనో వివేచించుటయే చదువునకు ఫలమని మేము నమ్ముతాము.

ఆమె రచనలన్నిటిని మేము సమానంగా మెచ్చుకొనుట లేదు. 2022 మార్చి 25న వెలువడిన 'గిఫ్టెడ్' ఆమె మొదటి పూర్తి సంపుటి, పది పాటలు. మార్లే చివరి దినాల గీతమొకదాని స్వరాన్ని తొలిపాటలో వినిపించి తన వంశక్రమాన్ని ప్రకటించుకొన్నది. పుట్టిన ఊరిని తలచుకొన్న పాట ఒకటి, ప్రాణాలు నిలుపుకొనుడని తన ఊరి యువకులను బ్రతిమాలిన పాట మరొకటి ఉన్నవి. ఈ రెండు బాగుగా ఉన్నవి. కాని సంపుటిలో సగం తేలికపాటి విహారగీతాలు. 'రాప్చర్'లోని సాంద్రత ఇందులో పలచబడినది. పెద్ద కంపెనీల ఒత్తిడియో, ఇరవైరెండేండ్ల వయసుకు సహజమైన ఉల్లాసమో చెప్పలేము. ఎల్లప్పుడు ఊరిభారమంతా మోయుమని ఒక పిల్లను అడుగుట కూడ అన్యాయమే. తత్‌క్షణ పరమానందం కూడ మమ్మటుడు చెప్పిన ప్రయోజనమేనని మా విద్యార్థి మాకు గుర్తు చేసినాడు. ఆ మాట అతడు పాఠంలోనుండి తీసి అప్పజెప్పినదైనను, సరియైన చోట అప్పజెప్పినాడు.

కాఫీ పేరు లోకానికెక్కిన ఆ 2018 నవంబరులోనే యునెస్కో సంస్థ రెగేను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. జాబితాలో చేరిన కళలు అద్దాల బీరువాలో బొమ్మలవుతాయనే భయం ఒకటి ఎప్పుడును ఉంటుంది. ఈ కళ విషయంలో ఆ భయం ఇప్పట్లో అవసరం లేదు.

మా విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాము. ఈ వ్యాసం సిద్ధమగుచుండగా అతడు ఒక కాగితం తెచ్చి బల్లపై పెట్టి వెళ్ళినాడు. తన ఊరిలో పీర్లపండుగ నాడు పాడే వరుస ఒకదానిని తీసుకొని, దానిపై తాను ఇంటివద్ద కూర్చున్న సంవత్సరాన్ని గురించి పాట కట్టినాడు. సగం చరణాలు దక్కనీలో, సగం మా వాడ తెలుగులో ఉన్నవి. రెండు చోట్ల యతి మాట దేవుడెరుగు, వ్యాకరణమే తప్పినది. మేము ఎర్రకలం తీయలేదు. దానిని ఈ సంచికకే పంపినాము. తెలుగు విభాగంలో వేయవలెనా, ఉర్దూ విభాగంలో వేయవలెనా అనే విషయమై ఇరువురు సంపాదకుల మధ్య చర్చ జరుగుతున్నదని తెలిసినది.